ఇజాజత్ అడగని తస్వీర్

మా అల్మారా పైఅరలో షాదీ చీరల కింద ఒక ఆల్బమ్ ఉంది. 2002లో మా నికాహ్ అయినప్పుడు తీయించింది. రంజాన్‌కి ముందు ఇల్లు దులిపేటప్పుడు ఏడాదికోసారి బయటికొస్తుంది. పిల్లలు చుట్టూ చేరి నవ్వుకుంటారు. అందులో నేను 34 తస్వీరుల్లో ఉన్నాను. అన్నిట్లోనూ ఒకటే మొహం. తల కిందికి, కళ్లు కిందికి, చేతులు ఒళ్లో. మా ఆయన పక్కన బిగుసుకుని కూర్చుని ఉంటారు. మా ఇద్దరి ఆధార్ కార్డుల్లో మొహాలు అంతకంటే నయం.

నిజానికి ఆ రోజు పొద్దున నేను మా అక్కతో గాజుల గురించి పోట్లాడాను. మధ్యాహ్నం ఖాలా కూతుళ్లతో నవ్వి నవ్వి కడుపునొప్పి తెచ్చుకున్నాను. సాయంత్రం అబ్బా మొహం చూడలేక గోడకేసి తిరిగి ఏడ్చాను. ఇవేవీ ఆల్బమ్‌లో లేవు. ఫోటో ఆయన "గడ్డం పైకమ్మా, కళ్లు కిందికమ్మా" అంటూనే ఉన్నాడు, నేను అలాగే చేశాను. ఆయన తప్పూ లేదు. రీల్‌లో 36 ఫ్రేములే ఉండేవి, ఒక్కటి పాడైనా డబ్బు పోయినట్టే. మీ ఇంట్లో కూడా ఇలాంటి ఆల్బమ్ ఒకటి ఉండే ఉంటుంది. తీసి చూడండి. దుల్హన్ దొరుకుతుంది కానీ మీ అమ్మీ దొరకదు.

రెండేళ్ల క్రితం మా అక్క కొడుకు ఇంటికొచ్చాడు. కర్నూలు పాతబస్తీలో వాడికి ఫోటో స్టూడియో ఉంది. షాదీలు, వలీమాలు, అఖీఖాలు తీస్తాడు. చాయ్ సగం తాగి అన్నాడు: "ఖాలా, నా దగ్గర ముగ్గురు పిల్లలు పని నేర్చుకుంటున్నారు. కెమెరా నేను నేర్పిస్తా. మీరు మనుషుల్ని మాట్లాడించడం నేర్పించండి. మా తస్వీరుల్లో దుల్హా దుల్హన్లు ఎవరింట్లో వాళ్లైనా ఒకేలా ఉంటున్నారు."

నాకు కెమెరా రాదు. ఉర్దూ మీడియంలో అలిఫ్ బే దిద్ది, డిగ్రీలో తెలుగు చదివి, ఇరవై ఏళ్లుగా పత్రికల్లో రాస్తున్నదాన్ని. నాకు తెలిసిన పని ఒక్కటే. తెలియని మనిషి ఇంటికెళ్లి, గంట కూర్చుని, ఆ మనిషి మాట ఆ మనిషి మాటలాగే రాసుకుని రావడం. అదే చాలన్నాడు భాంజా. ప్రతి ఆదివారం అసర్ తర్వాత స్టూడియో మేడ మీద కూర్చునేవాళ్లం. షాగిర్దులు ముగ్గురూ ఒక పెద్ద పిల్లాడు, ఒక చిన్న పిల్లాడు, డిగ్రీ అయిపోయిన ఒక అమ్మాయి. పేర్లు రాయడం లేదు. వాళ్లని అడగలేదు కాబట్టి. ఎందుకింత జాగ్రత్త అంటే, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

మొదటి రోజు వాళ్ల ఫోన్లు చూపించమన్నాను. ముగ్గురి ఫోన్లలోనూ పోజుల స్క్రీన్‌షాట్లు. దుల్హా మోకాలి మీద కూర్చోవడం, దుల్హన్ పొగలోంచి నడిచి రావడం, ఇద్దరూ నుదురుకి నుదురు ఆనించి కళ్లు మూసుకోవడం. అన్నీ సినిమా పాటల్లోంచి వచ్చినవే.

"మన షాదీల్లో నికాహ్ అయిన గంటకి ఆ ఇద్దరూ ఒకరికొకరు ఎంత తెలుసు?" అని అడిగాను.

"ఫోన్‌లో రెండుమూడు సార్లు మాట్లాడుకుని ఉంటారు, ఖాలా" అంది అమ్మాయి.

"మరి నుదురు ఆనించమంటే ఏం చేస్తారు?"

"మేం చెప్పినట్టు చేస్తారు."

అదే నా మొదటి సబక్. చెప్పినట్టు చేసిన తస్వీర్‌లో కనబడేది చెప్పినవాడి మిజాజ్. ఆ ఇద్దరిదీ కాదు. నికాహ్ రోజు జంట మిజాజ్ అనేది ఇంకా పుట్టనే లేదు. ఆ రోజు ఉండేవి ఇద్దరు మనుషుల ఫికర్, షర్మ్, కొంచెం కుతూహలం. మధ్యలో జానెడు దూరం. దాన్ని చెరిపేసి ఇష్క్ పెట్టడం ఎందుకు? ఆ జానెడు దూరాన్నే తీయండి. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లకి అదే కావాలనిపిస్తుంది.

రెండో సబక్, కెమెరా లేకుండా వెళ్లడం. షాదీకి వారం ముందు రెండిళ్లకీ వెళ్లి చాయ్ తాగి రండి, అంతే. "ఎలా ఫీలవుతున్నారు" అని మాత్రం అడగొద్దు. పత్రికల్లో అంతకంటే పనికిరాని ప్రశ్న లేదు, "బాగుంది" తప్ప జవాబు రాదు. ఇంట్లో చాయ్ ఎవరు పెడతారు, గుస్సా వస్తే ఏం చేస్తావు, చిన్నప్పుడు ఎవరితో ఎక్కువ దెబ్బలు తిన్నావు, ఇలాంటివి అడగండి. పెద్ద పిల్లాడు ఒక దుల్హా ఇంటికెళ్లి వచ్చి చెప్పాడు: "ఖాలా, అతను అస్సలు మాట్లాడడు. కానీ మేకపిల్ల దగ్గరికెళ్తే ఆపకుండా మాట్లాడతాడు." షాదీ రోజు పొద్దున శేర్వానీలో ఆ మేకపిల్ల ముందు కూర్చున్న దుల్హాని తీశాడు. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ ఆ తస్వీర్ చూసి నవ్వుతారట.

మూడో సబక్ నా వృత్తిలోంచే వచ్చింది. ఇంటర్వ్యూలో అసలు మాట ఎప్పుడూ పెన్ను మూత పెట్టాక వస్తుంది. "సరే వెళ్లొస్తా" అని లేస్తామే, గుమ్మం దగ్గర చెబుతారు అసలు సంగతి. తస్వీర్ కూడా అంతే. "అయిపోయింది" అనగానే బిగుసుకున్న భుజాలు దిగుతాయి, ఊపిరి వదులుతారు, దుల్హన్ పక్కనున్న చెల్లెలితో ఏదో గుసగుసలాడుతుంది. మొహం తనకి తాను దొరికేది ఆ క్షణంలోనే. అప్పటికి కెమెరా దించేస్తే పోయింది. కాబట్టి "అయిపోయింది" అనండి, కెమెరా మాత్రం దించకండి. ఇంకొకటి, చేతులకి పని ఇవ్వండి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకే మనుషులు బొమ్మలవుతారు. పాన్ చుట్టమనండి, చాయ్ పోయమనండి, ఊడిన గాజు సర్దుకోమనండి.

ఇవి వింటూ భాంజా తన పాఠం కలిపేవాడు. ఫ్లాష్ నేరుగా మొహాన కొడితే మొహం గోడలా చదునైపోతుంది. అలాగని పైకప్పుకేసి కొడదామంటే షాదీఖానాలో పైన ఆకుపచ్చ గుడ్డ కడతారు, దుల్హన్ మొహం ఆకుపచ్చగా వస్తుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టుకోవడమే మేలు. జల్వా దగ్గర ఇంకో చిక్కు. అద్దంలో మొహం తీసేటప్పుడు కెమెరా తనంతట తాను అద్దం చట్రాన్ని పట్టుకుంటుంది. మొహం మాత్రం చట్రం ఉన్న దూరంలో ఉండదు. కెమెరా నుంచి అద్దానికి, అద్దం నుంచి మనిషికి, రెండు దూరాలూ కలిపితే ఎంతో అక్కడ ఉంటుంది. ఫోకస్ అక్కడ పెట్టాలి. ఇది విన్నప్పుడు నాకు నా పని గుర్తొచ్చింది. మనిషి చెప్పే మాట దగ్గరే ఆగిపోతే మనిషి మసకబారతాడు.

పరీక్షగా వాళ్ల నానా నానీల్ని, దాదా దాదీల్ని తీసుకురమ్మన్నాను. తస్వీరుల్లో అన్నమాట. జంట అంటే ఏమిటో వాళ్ల దగ్గర కనబడుతుంది. అమ్మాయి తెచ్చిన తస్వీర్ నాకిప్పటికీ కళ్లలో ఉంది. నానీ వెల్లుల్లి ఒలుస్తోంది, నానా ఆమెకి వీపు పెట్టి అఖ్‌బార్ చదువుతున్నాడు. ఇదేంటి, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదే అన్నాడు చిన్న పిల్లాడు. అమ్మాయి చెప్పింది: "నానీకి చదువు రాదు. నానా రోజూ బిగ్గరగా చదివి వినిపిస్తాడు. చావు కబుర్లు మాత్రం మింగేస్తాడు. ఆ సంగతి నానీకి తెలుసు, తెలియనట్టే వెల్లుల్లి ఒలుస్తుంది." చూడండి, నుదుళ్లు ఆనలేదు, కళ్లు కలవలేదు. ఇద్దరూ ఎంత దగ్గరగా ఉన్నారో!

ఒక్క దగ్గర మాత్రం నేను ఇంకా గెలవలేదు. రంగు. "థోడా గోరీ కరో బేటా" అని దుల్హన్ అమ్మీయే వచ్చి చెవిలో చెబుతుంది. కంప్యూటర్‌లో ఒక గీతని వేలితో జరిపితే చాలు, మా రాయలసీమ ఎండలో పుట్టి పెరిగిన పిల్ల కాశ్మీర్ పిల్ల అయిపోతుంది. మిజాజ్ గురించి నేనెంత చెప్పినా ఏం లాభం, చర్మమే ఆమెది కానప్పుడు? "చేయకపోతే ఆల్బమ్ డబ్బులు ఆపేస్తారు ఖాలా" అంటాడు భాంజా. అబద్ధం కాదు. ఇప్పుడు రెండు ప్రింట్లూ తీసి దుల్హన్ చేతిలోనే పెడుతున్నాడు. కొందరు తమ రంగే ఉంచుకుంటున్నారు, కొందరు ఉంచుకోవడం లేదు.

ఇక అసలు సంగతి. ఇన్నాళ్లూ రాయడానికి చేయి రాలేదు.

పోయిన చలికాలం ఒక షాదీ. అమ్మాయి వైపూ అబ్బాయి వైపూ మంచి ఖాందాన్లు. జల్వా జనానాలో కాబట్టి మా షాగిర్ద్ అమ్మాయే తీసింది. మీకు తెలుసుగా, దుల్హా దుల్హన్ల తలల మీద ఒకే దుపట్టా కప్పుతారు, మధ్యలో ఖురాన్ షరీఫ్, అద్దం పెడతారు. దుల్హన్ కళ్లు మూసుకుని ఉంటుంది. దుల్హా "బీబీ, ఆంఖాఁ ఖోలో, మై తుమారా గులామ్" అనాలి. సాలీలు, భాభీలు చుట్టూ చేరి ఏడిపిస్తుంటారు. ఈ దుల్హా ఒట్టి షర్మీలా. చెమటలు పట్టి, గొంతు తడారిపోయి, "బీబీ, మూఁ ఖోలో" అనేశాడు. కళ్లు తెరువు అనాల్సినవాడు నోరు తెరువు అన్నాడు.

దుల్హన్ నోరు తెరిచింది. పకపకా నవ్వింది. తల వెనక్కి వాలింది, నత్ ఊగింది, దుపట్టా జారింది. ఆమె అలా నవ్వుతుంటే దుల్హా ముందు బిత్తరపోయాడు, తర్వాత అతనికీ నవ్వొచ్చేసింది. మా అమ్మాయి సరిగ్గా ఆ క్షణాన్ని పట్టుకుంది. అద్దంలో దుల్హన్ నవ్వు, అద్దం పక్కన దుల్హా మొహం. ఇంకా పుట్టలేదని నేను చెబుతూ వచ్చిన జంట, అక్కడే, అప్పుడే పుట్టింది.

ఆ రాత్రి స్టూడియోలో తస్వీర్ చూసి నేను ఎగిరి గంతేశాను. మాషాఅల్లాహ్ అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను: "ఇలాంటిది లోకమంతా చూడాలి."

చిన్న పిల్లాడు ఆ మాట విన్నాడు. ఉస్తాద్ నోటి మాట కదా. మర్నాడు పొద్దున స్టూడియో ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టేశాడు.

మూడో రోజు దుల్హన్ అన్న కొట్టుకొచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. కౌంటర్ మీద రెండు చేతులూ పెట్టి, "మా చెల్లెలి తస్వీర్ ఎవర్ని అడిగి పెట్టారు?" అన్నాడు. భాంజా వెంటనే తీసేశాడు. ఏం లాభం? అప్పటికే ఎవరెవరో దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేశారు. ససురాల్‌లో ఒక పెద్దావిడ దస్తర్‌ఖాన్ దగ్గర అందరి ముందూ అందట, "దుల్హన్‌కి హయా ఉండాలి, ఊరికి పళ్లు చూపించడం కాదు" అని. ఆ ఇంట్లో అడుగుపెట్టి వారం కాని పిల్ల అది విన్నది.

మొదటి జుమాకి ఆ అమ్మాయి మైకాకి వచ్చిందని తెలిసి, మా షాగిర్ద్ అమ్మాయిని తీసుకుని వెళ్లాను. మాఫీ అడగాలి. దారంతా మాటలు కూర్చుకున్నాను, గుమ్మంలోనే అన్నీ మర్చిపోయాను. వాళ్ల అమ్మీ మొహం తిప్పుకుంది. ఆ అమ్మాయే లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, చాయ్ తెచ్చింది.

"తప్పు ఆ పిల్లాడిది కాదు. నాది" అన్నాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "తస్వీర్ బాగుంది ఖాలా. అందులో ఉన్నది నేనే. నేను అలాగే నవ్వుతా. ఆయనకి ఆ రోజే తెలిసింది. కానీ ఇంకా ఎవరెవరికి తెలియాలో చెప్పాల్సింది నేను కదా."

నా దగ్గర జవాబు లేదు.

"ఇప్పుడు నవ్వొస్తే దుపట్టా అడ్డం పెట్టుకుంటున్నా" అంది, కప్పు అందుకుంటూ.

ఆ మాటకి మా షాగిర్ద్ అమ్మాయి ఏడ్చేసింది. నేను ఏడవలేదు కానీ ఆ రాత్రి నిద్రపోలేదు. మనుషులు ఉన్నది ఉన్నట్టు కనబడాలని పిల్లలకి ఏడాదిపాటు తాలీమ్ ఇచ్చాను. ఆ తాలీమ్‌తోనే ఒక పిల్ల అసలు నవ్వుని దుపట్టా వెనక్కి పంపించాను. మా ఆల్బమ్‌లో గడ్డం పైకి, కళ్లు కిందికి అన్న ఫోటో ఆయన నా నుంచి ఇంత తీసుకోలేదు.

పడుకుని ఆలోచిస్తుంటే నికాహ్ గుర్తొచ్చింది. మన షాదీ మొత్తం దేని మీద నిలబడి ఉంది? ఒక ఇజాజత్ మీద. వకీలు, ఇద్దరు గవాలు జనానా వైపు వచ్చి, ఫలానా వారి కుమారుడితో ఇంత మెహర్‌కి నికాహ్, ఖుబూలా అని అడిగి, ఆమె ఒప్పుకుంటేనే ఖాజీ సాబ్ ముందుకెళ్తారు. అంత జాగ్రత్తగా ఆమెని అడిగే రోజే, ఆమె మొహం తీసుకుపోయే మేము ఒక్క మాట అడగం. ఎవరో డబ్బులిచ్చారు, పిలిచారు, కాబట్టి తీసుకుంటాం. దుల్హన్ మనల్ని నమ్మి మొహం మీది తకల్లుఫ్ తీసేస్తే, ఆ కనబడినది మన దగ్గర అమానత్. ఎంత అసలైనదైతే అంత పెద్ద అమానత్. బిగుసుకుపోయిన పోజు ఊరంతా తిరిగినా ఎవరిదీ ఏమీ పోదు. అసలు నవ్వు తిరిగితే ఖయానత్ అవుతుంది. నేను పిల్లలకి మొదటి సగమే నేర్పాను.

ఇది మన నేల మీద కొత్త సవాలేమీ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్‌ని మీరు వినే ఉంటారు. నిజాం ఆయనకి ముసవ్విర్ జంగ్ అని ఖితాబు ఇచ్చాడు. ఆయన 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. పర్దాలో ఉండే ఆడవాళ్ల కోసం, తీసేది కూడా ఒక ఆడమనిషే. మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ ఆ స్టూడియో చూసుకునేది. బరువైన కెమెరాలు, గాజు పలకల కాలం అది. ఆ కాలంలోనే వాళ్లకి తట్టిన సంగతి, తస్వీర్ ఎలా తీయాలి అన్నదాని కంటే ముందు ఎవరు తీయాలి, ఎవరు చూడాలి అన్నది తేల్చుకోవాలని. ఒక్క వేలితో లోకమంతటికీ పంపించగల ఫోన్ చేతిలో ఉన్న మాకు అది తట్టలేదు.

ఆ తర్వాత ఆదివారం కొత్త సబక్ పెట్టుకున్నాం. ఈసారి నేను చెప్పలేదు, నలుగురం కూర్చుని రాసుకున్నాం. జనానాలోకి అమ్మాయే వెళ్తుంది. కార్డు అదే రాత్రి కంప్యూటర్‌లోకి ఎక్కించి, పిల్లల ఫోన్లలో ఏమీ ఉంచకూడదు. తస్వీర్లు ముందు దుల్హా దుల్హన్లు చూస్తారు, ఆ తర్వాతే ఇంటి పెద్దలు. వద్దన్నవి వాళ్ల ముందే చెరిపేయాలి, ఎంత గొప్పవైనా సరే. పేజీలో పెట్టాలంటే ఇద్దరినీ విడివిడిగా అడగాలి. ఒకరి ముందు ఒకరు కాదు, అత్తగారి ముందు అసలే కాదు. ఒక్కరు తల అడ్డంగా ఊపినా సరే, అంతే. అడిగినప్పుడు మౌనంగా ఉంటే దాన్ని ఒప్పుకున్నట్టు లెక్కేసుకోకూడదు. కొన్ని ఇళ్లలో దీన్ రీత్యా తస్వీరే వద్దంటారు. అక్కడ కెమెరా సంచీలోనే ఉంచి, బిర్యానీ తిని, దువా చేసి రావాలి.

అడిగితే నిజమైన తస్వీర్లు రావేమో, అందరూ మళ్లీ బిగుసుకుపోతారేమో అని భయపడ్డాను. తిరగబడింది. "ముందు నీకే చూపిస్తా, నువ్వు వద్దంటే చెరిపేస్తా" అని మొదటి రోజు చాయ్ దగ్గరే చెబితే, దుల్హన్లు కెమెరాని మర్చిపోతున్నారు. రుఖ్సతీలో అబ్బా భుజం మీద ముక్కు చీదుకునే దుల్హన్‌ని కూడా మా అమ్మాయి తీసింది. చూసి ఆ పిల్ల నవ్వి, "ఇది ఉంచండి, ఇంకెవరికీ చూపించకండి" అంది. ఉంచాం. చూపించలేదు.

మొన్న బక్రీద్ తర్వాత ఆ షర్మీలా దుల్హా ఒక్కడే స్టూడియోకి వచ్చాడట. గుమ్మం దగ్గరే నిలబడి, జల్వా తస్వీర్ ఒక ప్రింట్ కావాలన్నాడు. ఆల్బమ్ సైజు తీయమంటారా అని భాంజా అడిగితే, "వద్దు భాయ్, పర్సులో పట్టేంత" అన్నాడు. "ఆమెని అడిగారా?" అంది మా షాగిర్ద్ అమ్మాయి లోపలినుంచి. "ఆమే పంపింది" అన్నాడు. దీంతో నా తప్పు మాఫీ అయిందని అనుకోవడం లేదు. దుపట్టా అడ్డం పోయిందో లేదో నాకు తెలియదు.

పోయిన నెల మా ఇంటికీ వచ్చింది ఆ అమ్మాయి, కెమెరాతో. ముందు చాయ్ తాగింది. నన్నూ మా ఆయన్నీ ఏవేవో అడిగింది. మేం పోట్లాడుకున్నాం, ఉల్లిపాయలు ఎవరు తేవాలి అని. "అయిపోయింది ఖాలా" అంది కానీ కెమెరా దించలేదు. దొంగపిల్ల, నా సబక్ నాకే అప్పజెప్పింది. వచ్చిన తస్వీర్‌లో నేను చేయి ఊపుతూ ఏదో అంటున్నాను, ఆయన సంచీ పట్టుకుని నవ్వు ఆపుకుంటున్నారు. ఇన్నేళ్లకి నా ఆల్బమ్‌లో నేను దొరికాను.

ఇక్కడ పెట్టి మీ అందరికీ చూపించాలని నాకు చాలా ఉంది. ఆయన్ని అడిగాను. సంచీ పక్కన పెట్టి కాసేపు ఆలోచించి, వద్దన్నారు. కాబట్టి అది అల్మారాలో, పైఅరలో ఉంది.